చప్పుడు చెప్పే రోగం

బైక్ ఇంజిన్‌లో టకటక, చైన్‌లో గరగర. ఏది మామూలు, ఏది ప్రాణం మీదికి తెచ్చేది అన్నది చెవితో తేల్చే విద్య జేబుకీ, ఒంటికీ కూడా రక్షే

ఏ ఊరి మెకానిక్ షెడ్డులోనైనా తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: ‘‘అన్నా, బండిలో ఏదో సౌండ్ వస్తోంది.’’ ఎలాంటి సౌండు, ఎప్పుడొస్తోంది, ఎటువైపు నుంచి అని అడిగితే మాత్రం చాలామంది తడబడతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. వదులైన ఒక్క బోల్టు బిగిస్తే పోయే చప్పుడుకి ఇంజిన్ మొత్తం విప్పించుకుని వేల రూపాయలు వదిలించుకునేవారు కొందరు. ఇంజిన్ లోపల బేరింగ్ చివరి దశకు చేరి దడదడలాడుతున్నా ‘పాత బండి కదా, అంతేలే’ అని సర్దుకుపోయి హైవే ఎక్కేవారు మరికొందరు. మొదటివారికి నష్టం డబ్బు. రెండోవారికి అంతకంటే ఎక్కువే కావచ్చు.

భారతదేశంలో ఇది కోట్లాదిమంది సమస్య. 2023-24 ఆర్థిక సంవత్సరంలోనే దేశంలో దాదాపు 1.8 కోట్ల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. వాటిలో మోటార్‌సైకిళ్లే కోటి పైచిలుకు. పాలు పోసేవారి నుంచి భోజనం పార్సిళ్లు చేరవేసే కుర్రాళ్ల వరకూ ఎందరికో బండి ఆగితే ఆ రోజు సంపాదన ఆగినట్టే. ఇక 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారే. వీటిలో సింహభాగం అతివేగం ఖాతాలో పడేవే అయినా, వేగంగా వెళ్తున్నప్పుడు వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోతే ఎంత నేర్పున్న చోదకుడైనా చేయగలిగింది తక్కువ. అలా చక్రాన్ని పట్టేసే లోపాల్లో రెండు ముఖ్యమైనవి, తెగిన చైన్, సీజ్ అయిన ఇంజిన్. రెండూ చాలాసార్లు ముందుగా చప్పుడుతోనే హెచ్చరిస్తాయి.

మారిన ఇంజిన్, మారిన శబ్దం

1980ల దాకా మన రోడ్లపై రాజ్యమేలినవి ఎక్కువగా రెండు స్ట్రోకుల బళ్లే. రాజ్‌దూత్, యెజ్దీ, ఆ తర్వాత యమహా ఆర్‌ఎక్స్ 100. ఈ ఇంజిన్లలో టాపెట్లుండవు, కామ్ షాఫ్ట్ ఉండదు, దాన్ని తిప్పే టైమింగ్ చైన్ ఉండదు. అందుకే పిస్టన్, బేరింగుల చప్పుళ్లు తెలిస్తే చాలావరకు సరిపోయేది. 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ రావడంతో నాలుగు స్ట్రోకుల ఇంజిన్ ఇంటింటికీ చేరింది. దాంతోపాటే టాపెట్ల టకటక, టైమింగ్ చైన్ గలగల కూడా వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు అమలయ్యాక చాలా బళ్లలో కార్బురేటర్ స్థానంలో ఫ్యూయెల్ ఇంజెక్షన్ చేరింది. తాళం తిప్పగానే ట్యాంకు కింద ఒకటి రెండు సెకన్లు వినిపించే సన్నని రొద పెట్రోలు పంపుది. అది రోగం కాదు, ఆరోగ్య లక్షణం.

బుల్లెట్ కథ మరోలా సాగింది. 1955 నుంచి మద్రాసులో తయారైన ఈ బండి పాత ఇంజిన్లలో పుష్ రాడ్లుండేవి, టాపెట్ల సందును చేత్తో సరిచేయాల్సి వచ్చేది. తర్వాతి ఇంజిన్లలో హైడ్రాలిక్ టాపెట్లు వచ్చాయి. 2020లో మీటియర్‌తో మొదలైన 350 సీసీ కొత్త ఇంజిన్‌లో పుష్ రాడ్లే లేవు. కాబట్టి పాత బుల్లెట్‌లో సహజమనిపించే టకటక కొత్తదానిలో వినిపిస్తే అనుమానించాల్సిందే. ఏ చప్పుడునైనా ఆ బండి సహజ స్వరంతో పోల్చి చూడాలి తప్ప పక్కింటి బండితో కాదు.

ముందు నాలుగు ప్రశ్నలు

ఢిల్లీ కరోల్‌బాగ్, చెన్నై పుదుపేట, సికింద్రాబాద్ రాణిగంజ్... ఎక్కడి మెకానిక్ అయినా, చేయి తిరిగినవాడైతే, స్పానర్ పట్టడానికి ముందు నాలుగు విషయాలు తేల్చుకుంటాడు.

మొదటిది, బండి నిలబడి ఉన్నప్పుడు వస్తోందా, కదిలితేనే వస్తోందా? న్యూట్రల్‌లో నిలబెట్టి యాక్సిలరేటర్ ఇస్తే వినిపించేది ఇంజిన్ లేదా క్లచ్ చప్పుడు. బండి కదిలితే తప్ప వినిపించకపోతే చైన్, చక్రం, బ్రేకుల వైపు చూడాలి. నిర్మానుష్యమైన రోడ్డు మీద కాస్త వేగం అందుకున్నాక క్లచ్ పట్టి యాక్సిలరేటర్ వదిలితే విషయం మరింత తేటపడుతుంది. ఇంజిన్ వేగం పడిపోయినా చప్పుడు బండి వేగంతోపాటే సాగుతుంటే అది ఇంజిన్‌ది కాదు.

రెండోది, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? పొద్దున్నే స్టార్ట్ చేయగానే వినిపించి ఐదు నిమిషాల్లో తగ్గేది ఒక రకం. అరగంట తిరిగాక మొదలయ్యేది మరో రకం. వేడికి ఆయిల్ పలచబడుతుంది. పలచబడిన ఆయిల్ అరిగిన బేరింగులను కాపాడలేదు. అందుకే రెండో రకం మీద ఎక్కువ అనుమానం పెట్టుకోవాలి.

మూడోది, బరువు పడినప్పుడా, లేనప్పుడా? ఇద్దరిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కేటప్పుడే వచ్చే చప్పుడుకి, యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు వచ్చే చప్పుడుకి కారణాలు వేరు.

నాలుగోది, క్లచ్ పడితే మారుతోందా? న్యూట్రల్‌లో గలగలమంటూ క్లచ్ లివర్ నొక్కగానే ఆగిపోతే క్లచ్ హౌసింగ్‌లోనో, గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగులోనో వదులు వచ్చిందని అర్థం. లివర్ నొక్కినప్పుడే కొత్తగా పుడితే క్లచ్ బేరింగ్ వంతు.

ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగిన యజమాని సగం వైద్యం చేసినట్టే. మిగతా సగానికి మెకానిక్ దగ్గర చవకైన పరికరం ఉంటుంది. పొడవాటి స్క్రూడ్రైవర్. దాని కొస ఇంజిన్‌పై ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకు ఆనిస్తే లోహం గుండా శబ్దం నేరుగా లోపలికి వస్తుంది. డాక్టరు స్టెతస్కోపు చేసే పనే. ఒక్కోచోట ఆనించి చూస్తూ పోతే చప్పుడు ఎక్కడ గట్టిగా ఉందో తెలిసిపోతుంది.

టక్ టక్, గలగల

ఇంజిన్ పైభాగంలో కుట్టుమిషన్‌లా సన్నగా, క్రమం తప్పకుండా వచ్చే టిక్ టిక్ సాధారణంగా టాపెట్లది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే వాల్వు ఒక్కసారే తెరుచుకుంటుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో క్రాంక్ సెకనుకి 100 సార్లు తిరుగుతుంటే వాల్వు 50 సార్లు కదులుతుంది. అందుకే టాపెట్ చప్పుడు ఇంజిన్ వేగంలో సగం లయతో ఉంటుంది. సందు కాస్త పెరిగితే చప్పుడు పెరుగుతుంది. చాలా చిన్న బళ్లలో ఈ సందు మిల్లీమీటరులో పదో వంతు, అంతకంటే తక్కువ. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజ్‌తో కొలిచి సరిచేయాలి.

ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. చప్పుడు బొత్తిగా వినిపించకూడదని టాపెట్లు బిగించమని పట్టుబడతారు. నిజానికి కాస్త చప్పుడు చేసే టాపెట్ కంటే పూర్తిగా మూగబోయిన టాపెట్ ప్రమాదకరం. సందు లేకపోతే వాల్వు సరిగా మూసుకోదు. మూసుకున్నప్పుడే వాల్వు తన వేడిని సిలిండర్ హెడ్‌కి వదిలించుకోగలదు. ఆ అవకాశం లేక ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. బండి బలం తగ్గుతుంది, స్టార్టింగ్ మొరాయిస్తుంది.

టాపెట్‌ని పోలినదే మరొకటుంది. సైలెన్సర్ బెండు పైపు ఇంజిన్‌కి కలిసేచోట గ్యాస్కెట్ పోతే పొగ సన్నగా తన్నుకొస్తూ అలాగే టిక్ టిక్‌మంటుంది. ఆ అతుకు చుట్టూ నల్లటి మసి కనిపిస్తే టాపెట్ల జోలికి వెళ్లక్కర్లేదు. గ్యాస్కెట్ మారిస్తే చాలు.

ఇంజిన్ ఒక పక్క నుంచి, ముఖ్యంగా ఐడిల్‌లోనూ, యాక్సిలరేటర్ వదిలినప్పుడూ గొలుసు కదిపినట్టు గలగలమంటే అది టైమింగ్ చైన్. దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బలహీనపడినా, చైనే సాగినా ఈ చప్పుడు వస్తుంది. తొందరగా చూపిస్తే టెన్షనర్‌తో పోవచ్చు. వదిలేస్తే చైన్ పన్ను దాటి వాల్వు, పిస్టన్ ఒకదానికొకటి తగిలే ప్రమాదముంది. అప్పుడు ఖర్చు ఎన్నో రెట్లవుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు, పెద్ద గేరులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు కిటకిటమంటే అది విడిభాగం చప్పుడు కాదు. లోపల పెట్రోలు తన వేళకి కాకుండా ఇష్టారాజ్యంగా పేలుతోందన్నమాట. గేరు తగ్గిస్తే తరచూ ఆగిపోతుంది. ఆగకపోతే మసి పేరుకోవడం, ఇంజిన్ విపరీతంగా వేడెక్కడం, కల్తీ పెట్రోలు వంటి కారణాలు వెతకాలి. ఎక్కువ కాలం కొనసాగితే పిస్టన్‌కి చిల్లు పడేదాకా వెళ్తుంది.

వింటూనే ఆపాల్సినవి

చల్లటి ఇంజిన్‌లో మొద్దుగా డబ్ డబ్‌మని, వేడెక్కాక తగ్గేది పిస్టన్ చప్పుడు. సిలిండర్ అరిగి, పిస్టన్ అటూ ఇటూ కొట్టుకోవడం వల్ల వస్తుంది. సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ, తరిగిపోతున్న ఆయిల్ తోడైతే మెకానిక్‌ల భాషలో బండి ‘బోరుకి వచ్చినట్టే’. అయితే ఇది ఆ క్షణాన ఆపేయాల్సినంత ప్రమాదం కాదు. కొంత సమయం ఇస్తుంది.

సమయం ఇవ్వనిది కనెక్టింగ్ రాడ్ చప్పుడు. ఇంజిన్ కింది భాగం నుంచి, సుత్తితో కొట్టినట్టు దడ్ దడ్‌మని, యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ పెరుగుతుంది. ఫుట్ రెస్టులోనూ ఆ అదురు తెలుస్తుంది. రాడ్ కింది కొసన ఉన్న బేరింగ్ అరిగిందనడానికి ఇది గుర్తు. ఇలాంటి బండిని ‘షెడ్డు దాకా మెల్లగా పోనిద్దాం’ అనుకోవడం జూదమే. బేరింగ్ పట్టేస్తే ఇంజిన్ సీజ్ అవుతుంది, గేరులో ఉన్న బండి వెనక చక్రమూ దాంతోపాటే ఆగిపోతుంది. రాడ్ విరిగితే క్రాంక్‌కేస్ పగలగొట్టుకుని బయటికొస్తుంది. నడుస్తుండగా ఇంజిన్ బిగుసుకుంటున్నట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ పట్టడం ఒక్కటే చక్రాన్ని విడిపించే మార్గం.

ఈ దశకు చేర్చే కారణాల్లో పెద్దది ఆయిల్. వంద సీసీ బళ్లలో పట్టే ఇంజిన్ ఆయిల్ దాదాపు ఒక లీటరే. అందులోంచి పావు లీటరు తగ్గినా పావు వంతు రక్షణ పోయినట్టే. ఆయిలే ఇంజిన్‌నీ, క్లచ్‌నీ, గేర్‌బాక్స్‌నీ కాచుకోవాలి. కారు కోసం చేసిన ఆయిల్ పోస్తే అందులోని రసాయనాల వల్ల క్లచ్ జారే అవకాశముంది. మోటార్‌సైకిళ్లకు ‘జాసో ఎంఏ’ గుర్తున్న ఆయిల్‌నే వాడాలనేది అందుకే. కొత్త చప్పుడు ఏది వినిపించినా మొదట చేయాల్సిన పని పైసా ఖర్చులేనిది. బండిని నిటారుగా నిలబెట్టి ఆయిల్ మట్టం చూడడం.

చైన్ పెట్టే గోల

ఇంజిన్ ఎంత బాగున్నా దాని బలాన్ని చక్రానికి చేర్చేది చైనే. ఎండ, దుమ్ము, వాన మొత్తం భరించేదీ అదే. పొడిబారిన చైన్ కీచుమంటుంది. మరీ వదులైనది గుంతల్లో టపటపమని కవరుకి కొట్టుకుంటుంది. మరీ బిగించినది సన్నగా ఊళపెడుతుంది. చాలామంది వదులు చైన్‌కే భయపడతారు కానీ అతిగా బిగించిన చైన్ గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగ్‌నీ, చక్రం బేరింగ్‌నీ లాగేస్తుంది. ఎక్కువ బళ్లకు కింది వరస మధ్యలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలంటాయి కంపెనీలు. కచ్చితమైన అంకె బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

చప్పుడు ఎంతసేపటికోసారి వస్తోందన్నది లెక్కపెడితే దొంగ దొరుకుతాడు. ముందు స్ప్రాకెట్‌కి 14 పళ్లు, వెనకదానికి 42 పళ్లు, చైన్‌కి 105 లింకులు ఉన్నాయనుకుందాం. వెనక చక్రం ఒక చుట్టు తిరిగితే ముందు స్ప్రాకెట్ మూడు చుట్లు తిరుగుతుంది. చైన్ పూర్తిగా ఒకసారి తిరిగి రావడానికి చక్రం రెండున్నర చుట్లు తిరగాలి. బండిని మెల్లగా తోస్తూ వింటే, చక్రం చుట్టుకి మూడుసార్లు వచ్చేది ముందు స్ప్రాకెట్ చప్పుడు. చుట్టుకి ఒకసారి వచ్చేది వెనక స్ప్రాకెట్, బ్రేకు డ్రమ్ము లేదా చక్రానిది. రెండున్నర చుట్లకోసారి వచ్చేది చైన్‌లోనే ఎక్కడో బిగుసుకున్న లింకుది.

అరుగుదల తెలుసుకోవడానికీ కొలత ఉంది. చిన్న బళ్లలో ఎక్కువగా వాడే 428 రకం చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ దూరం 12.7 మిల్లీమీటర్లు. అంటే 20 లింకుల పొడవు కొత్తగా ఉన్నప్పుడు 254 మిల్లీమీటర్లు. చైన్‌ని లాగిపట్టి కొలిచినప్పుడు అది 257, 258 దాటుతోందంటే ఇక సెలవిచ్చే వేళయిందని అర్థం. వెనక స్ప్రాకెట్‌పై ఉన్న చైన్‌ని వెనక్కి లాగితే పన్ను సగం కనిపించినా, పళ్లు కొక్కేల్లా వంగి ఉన్నా అదే సంగతి. అప్పుడు చైన్ ఒక్కటే మార్చడం తప్పుడు పొదుపు. అరిగిన పళ్లు కొత్త చైన్‌ని త్వరగా తినేస్తాయి. చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మార్చాల్సిందే.

చైన్‌ని కలిపే లాక్ క్లిప్పు సంగతి చాలామంది పట్టించుకోరు. దాని మూసిన కొస చైన్ నడిచే దిశగా ఉండాలి. తిరగేసి వేస్తే దేనికైనా తగిలి ఊడిపోవచ్చు. తెగిన చైన్ వెనక్కి పడితే అదృష్టం. ముందు స్ప్రాకెట్ దగ్గర ముద్దగా చుట్టుకుంటే చక్రం పట్టేస్తుంది, ఇంజిన్ పెంకూ పగలవచ్చు.

మరో చప్పుడుంది. యాక్సిలరేటర్ ఇచ్చి వదిలిన ప్రతిసారీ వెనకనుంచి టక్‌మని చిన్న కుదుపు. చైన్ బాగానే ఉంటే వెనక చక్రం హబ్బులోని రబ్బర్లు అరిగాయని అర్థం. రబ్బర్లకయ్యేది చిన్న ఖర్చే. తెలియక చైన్ సెట్టు మార్పించుకున్నవారికి చప్పుడు అలాగే మిగులుతుంది.

వేళ్లు జాగ్రత్త

చప్పుడు వినిపించగానే చాలా ఇళ్లలో జరిగే పని, బండిని సెంటర్ స్టాండు వేసి, ఇంజిన్ ఆన్ చేసి, గేరులో పెట్టి తిరుగుతున్న చైన్‌ని గుడ్డతో తుడవడం. ఇంతకంటే ప్రమాదకరమైన పని లేదు. గుడ్డని స్ప్రాకెట్ లాక్కుంటుంది, దాంతోపాటు వేళ్లనీ. రెప్పపాటులో వేళ్ల కొసలు తెగిపోతాయి. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేత్తో తిప్పుతూనే చైన్ శుభ్రం చేయాలి. ఆయిల్ వేసేటప్పుడూ అంతే.

చైన్ చప్పుడు చేస్తోందని కవరే పీకేసేవారూ ఉన్నారు. వెనక చీర కట్టుకునో, చున్నీ వేసుకునో కూర్చునేవారికి ఆ కవరు, చీర గార్డే రక్ష. వెనక చక్రం సగానికి తగ్గకుండా రక్షణ కవచం ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 123వ నిబంధన చెబుతోంది. కవరు తగులుతుంటే దాన్ని సరిచేయాలి తప్ప తీసేయకూడదు. పూర్తిగా మూసి ఉండే చైన్ కేసుల్లో చూడడానికి రబ్బరు మూతతో చిన్న రంధ్రం ఉంటుంది. అది తీసి చూసే ఓపికే ఉండాలి.

కాలిన ఇంజిన్ ఆయిల్‌ని చైన్‌పై పోసే అలవాటూ మంచిది కాదు. అందులోని లోహపు రజను, మసి అరుగుదలని పెంచుతాయి. ఓ-రింగుల చైన్లను పెట్రోలుతో కడిగితే రింగులు పాడవుతాయి. కిరోసిన్‌తో తుడిచి, గేర్ ఆయిల్‌గానీ చైన్ కోసం చేసిన స్ప్రేగానీ వాడితే చాలు. ప్రతి 500 కిలోమీటర్లకు, వానలో తడిసిన ప్రతిసారీ ఈ పని చేస్తే చైన్ పెట్టే గోలలో ఎక్కువ భాగం పుట్టనే పుట్టదు.

స్కానర్‌కు చెవుల్లేవు

కొత్త బళ్లలో ఏ సెన్సర్ చెడినా మీటర్‌పై దీపం వెలుగుతుంది, స్కానర్ పెడితే కోడు చూపిస్తుంది. మెకానిక్‌కి ఇది వరమే. అయితే టాపెట్ల సందు పెరిగిందని, చైన్ లింకు బిగుసుకుందని, కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగిందని చెప్పే దీపం సాధారణ బళ్లలో లేదు. స్కానర్‌లో ఏమీ కనిపించలేదు కాబట్టి బండి బాగున్నట్టేనని చెబితే నమ్మనక్కర్లేదు.

విద్యుత్ బళ్లు వచ్చినా ఈ విద్య పోదు. ఇంజిన్ రొద లేని బండిలో చైన్ గరగర, బేరింగ్ హోరు, బ్రేకు కీచుమనడం మరింత స్పష్టంగా వినిపిస్తాయి. ఇన్నాళ్లూ ఇంజిన్ చప్పుడు దాచిపెట్టిన లోపాలన్నీ అక్కడ బయటపడతాయి. వినే చెవి ఉంటే చాలు.

షెడ్డుకి వెళ్లే ముందు

మొదట నంబరు ప్లేటు, క్రాష్ గార్డు, సైలెన్సర్ కవచం, చైన్ కవరు బోల్టులను చేత్తో కదిపి చూడండి. ఇంజిన్‌ది అనుకున్న గలగల ఒక్కోసారి వీటిదే. సైలెన్సర్ వేడిగా ఉంటే ముట్టుకోవద్దు.

ఆయిల్ మట్టం, చైన్ ఆట చూసి కాగితంపై రాసుకోండి. ఆయిల్ చివరిసారి మార్చింది ఎన్ని కిలోమీటర్ల దగ్గరో కూడా.

చప్పుడు ఎప్పుడొస్తోందో, ఏ వేగంలో, ఏ గేరులో, చల్లగానా వేడిగానా అన్నది గమనించండి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది. షెడ్డుకి వెళ్లేసరికి చప్పుడు మాయమవడం మామూలే.

మెకానిక్‌నే బండి నడిపి వినమనండి. వినకుండానే ఇంజిన్ విప్పాలంటే మరో మెకానిక్ అభిప్రాయం తీసుకోండి. మార్చిన పాత భాగాలను అడిగి చూడండి.

ఇంజిన్ కింది భాగంలో దడదడ, చైన్ పళ్లు దాటుతున్నట్టు కటకట వినిపిస్తే మాత్రం బండి నడపకండి. ఆటో ట్రాలీ కిరాయి కంటే ఆసుపత్రి బిల్లు ఎప్పుడూ పెద్దదే.